తొలి మోటారు సైకిలు: ఎంపికలో జాగ్రత్తలు

రెండు మూడు పూటలు దగ్గరుండి పాలు పితికించి చూడనిదే మనం గేదెను కొనము. పళ్ళు చూస్తాము, పొదుగు చూస్తాము, ఎన్నో ఈతో అడుగుతాము. ఇంట్లో కుర్రవాడు మోటారు సైకిలు కావాలంటే మాత్రం రంగు చూసి, పక్కింటివారి బండి చూసి కొని ఇస్తున్నాము. గేదె విషయంలో పొరపాటు జరిగితే పాలు తగ్గుతాయి. బండి విషయంలో పొరపాటు జరిగితే ఒక్కొక్కసారి మనిషే దక్కడు. అందుచేత కొత్తగా బండి నేర్చుకునేవారు తొలి బండిని ఏ విధంగా ఎంచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాము.

మన దారులకు తగిన బండి

విజయవాడ నుంచి బయలుదేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువల గట్లు, వాటి పిల్ల కాలువల వెంట ఉన్న దారులే మన ఊళ్ళలో చాలావాటికి ఆధారం. ఒక పక్క నీరు, రెండవ పక్క చేను. వాన పడితే నల్లమట్టి టైర్లకు చుట్టుకుంటుంది. కోతల రోజుల్లో తారు రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. ధనుర్మాసంలో పాలకేంద్రానికి వెళ్ళే వేళకు మంచు కమ్మి ఉంటుంది. ఇటువంటి దారుల మీద వేగంగా పోయే బండి కంటె, నెమ్మదిగా పోతున్నా అదుపులో ఉండి, కావలసిన చోట ఆగే బండి మనకు అవసరం.

మొదట చూడవలసినవి బరువు, ఎత్తు

కొత్తవారు తరచు బండిని పడవేసేది గట్టు మీద వెనక్కు తిప్పుకునేటప్పుడు, ఎదురు వచ్చిన ట్రాక్టరుకు దారి ఇచ్చి ఆగేటప్పుడు. ఆ సమయంలో బండిని నిలిపేవి కాళ్ళే. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. మునివేళ్ళు మాత్రమే ఆనితే ఆ బండి తొలి బండిగా పనికిరాదు.

బరువు సంగతి గమనించండి. టి.వి.ఎస్. ఎక్స్.ఎల్. 100 బరువు సుమారు 90 కిలోలు. స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, అనగా ఇంచుమించు 31 అంగుళాలు. బుల్లెట్ 350 బరువు 195 కిలోలు. వాలిన బుల్లెట్‌ను నిలబెట్టడం అలవాటైన వారికే కష్టం. దుకాణంలో ఇంజను ఆపి, బండిని పది అడుగులు వెనక్కు నెట్టి, స్టాండు వేసి తీసి చూడండి. ఆ పని తడబడకుండా చేయగలిగితేనే బేరం మాట్లాడండి.

ఇంజను ఎంత ఉండాలి?

నేర్చుకునేవారికి 100 నుంచి 110 సి.సి. చాలు. ఒకప్పుడు పాలు మోసే పనికి పేరు పొందిన రాజ్‌దూత్ 175 సి.సి. బండి, పెట్రోలులో ఆయిలు కలిపి పోయవలసి వచ్చేది. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చిన తరువాత చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజనుతో, తక్కువ పెట్రోలుతో ఇంటి పని అంతా సాగుతుందని అందరికీ తెలిసింది. గేర్లు వద్దనుకునే మహిళా సభ్యులకు, పెద్ద వయసువారికి ఎక్స్.ఎల్. వంటి బండి అనుకూలం.

క్యాను కట్టే ముందు

లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. 40 లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోలు, క్యానుతో కలిపి 50 కిలోలకు దగ్గర. ఒక పక్కనే వ్రేలాడదీస్తే బండి ఆ పక్కకు లాగుతుంది. వెనుక ఎత్తుగా కడితే ముందు చక్రం తేలిక అయి హ్యాండిల్ అదుపు తప్పుతుంది. సగం నిండిన క్యాను మరీ ప్రమాదం. బ్రేకు వేస్తే పాలు ముందుకు, మలుపులో పక్కకు కొట్టుకుని బండిని కుదుపుతాయి. కనుక చిన్న క్యాన్లు రెండు, మెడ వరకు నింపి, రెండు పక్కలా సమంగా, కిందికి కట్టాలి. మొదటి నెల క్యాను గాని, వెనుక మనిషి గాని వద్దు.

బ్రేకులు

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. వేగం 60కి పెరిగితే బ్రేకు పడ్డాక ఆగే దూరం రెట్టింపును మించుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. వరకు ఉన్న కొత్త బండ్లకు కనీసం సి.బి.ఎస్., అంతకు మించిన వాటికి ఎ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. సి.బి.ఎస్. ఉంటే వెనుక బ్రేకు నొక్కినప్పుడు ముందు చక్రానికి కూడా కొంత బ్రేకు పడుతుంది. ఎ.బి.ఎస్. చక్రం బిగుసుకుని జారకుండా కాపాడుతుంది. పాత బండి కొనేవారు ఈ రెండూ ఉండకపోవచ్చని గుర్తుంచుకోవాలి.

లైసెన్సు, ఇన్సూరెన్సు

గేర్ల బండి నడపడానికి 18 ఏళ్ళు నిండాలి. 16 ఏళ్ళవారికి అనుమతి 50 సి.సి. లోపు గేర్లు లేని బండికి మాత్రమే. ఎక్స్.ఎల్. 100కు గేర్లు లేకపోయినా అది 50 సి.సి. బండి కాదు. మైనరుకు బండి ఇస్తే 2019 సవరణ ప్రకారం తండ్రికి గాని, బండి యజమానికి గాని 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు ఉన్నాయి. ముందుగా ఎల్.ఎల్.ఆర్. తీసుకుని, 30 రోజుల తరువాత పరీక్షకు వెళ్ళాలి.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎదుటివారికి కలిగిన నష్టానికి మాత్రమే. యజమాని స్వయంగా నడుపుతూ మరణిస్తే కుటుంబానికి అందేది 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా. చెల్లే లైసెన్సు లేకుంటే అది అందదు. పాత బండి కొంటే ఆర్.సి. వెంటనే మీ పేరు మీదికి మార్పించుకోండి. ఫైనాన్సు బాకీ తీరినదీ లేనిదీ విచారించండి.

చివరగా, బండి ఖరీదులోనే ఐ.ఎస్.ఐ. గుర్తు గల రెండు హెల్మెట్లను లెక్కవేయండి. పాలబిల్లు మీద వాయిదాలు కట్టేవారు కొంచెం తక్కువ ఖరీదు బండి కొని అయినా హెల్మెట్లకు డబ్బు మిగుల్చుకోవడం మంచిది. చెయ్యి కుదిరాక, ఒకటి రెండేళ్ళకు పెద్ద బండి సంగతి ఆలోచించవచ్చు.

సంఘ కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోసే వేళ సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.