గుర్రాల మేత: హేలేజ్ బేలు విప్పిన తర్వాత

బ్రిటన్, ఐర్లండ్ వంటి తేమ దేశాల్లో వేసవిలో సైతం నాలుగైదు రోజులు వరుసగా ఎండ కాస్తుందన్న నమ్మకం లేదు కనుక, కోసిన పచ్చికను పూర్తిగా ఆరబెట్టి ఎండుగడ్డిగా దాచుకోవడం అక్కడి రైతులకు ఏటా పరీక్షగానే ఉండేది. తేమ 15–18 శాతానికి దిగకముందే కట్టి పేర్చిన గడ్డి లోలోపల వేడెక్కి బూజు పట్టడమే కాక, ఒక్కొక్కసారి తనంతట తానే అంటుకుని కొట్టాన్ని బుగ్గి చేస్తుంది. 1980ల నుంచి, గడ్డి కట్టలను, అంటే బేళ్లను, సాగే పాలిథిన్ పొరతో చుట్టే యంత్రాలు వ్యాప్తిలోకి రావడంతో, సగం ఆరిన గడ్డినే గాలి చొరకుండా భద్రపరిచే పద్ధతి స్థిరపడింది. ఆ మేతనే హేలేజ్ అంటారు.

గడ్డిలో నీరు పోగా మిగిలే భాగాన్ని పొడి పదార్థం అంటారు. తెలుగు రాష్ట్రాల పాడి రైతులకు పరిచయమైన మొక్కజొన్న పాతరగడ్డిలో ఇది మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటే, గుర్రాల హేలేజ్‌లో 55 నుంచి 70 శాతం వరకు ఉంటుంది. ఈ తేడా పైకి చిన్నదిగా కనిపించినా, నిల్వ వ్యవహారమంతా దీనిమీదే ఆధారపడి ఉంది. పాతరగడ్డిలో తేమ ఎక్కువ కాబట్టి సూక్ష్మజీవులు చక్కెరలను లాక్టిక్ ఆమ్లంగా మార్చి మేతను బాగా పులియబెడతాయి, ఆ పులుపే చెడగొట్టే జీవులను అణచి ఉంచుతుంది. హేలేజ్‌లో ఆ పులుపు కొద్దిగానే పుడుతుంది గనుక, దాన్ని ప్రధానంగా కాపాడేది గాలి లేకపోవడమూ గడ్డి కొంత పొడిగా ఉండడమూ మాత్రమే. అందుకే పాలిథిన్‌కు పడిన వేలెడంత చిరుగును కూడా తేలిగ్గా తీసుకోరాదు.

బేలు విప్పగానే, అంతవరకు గాలి లేక అణగి ఉన్న ఈస్ట్ అనే సూక్ష్మజీవులు ముందుగా మేల్కొని, ఉన్న కాస్త ఆమ్లాన్నీ మిగిలిన చక్కెరలనూ తినేస్తూ వేడిని పుట్టిస్తాయి. పులుపు తగ్గి వెచ్చబడిన ఆ గడ్డిలో తర్వాత బూజు పాకుతుంది. కోసిన ముఖంలోకి చేయి చొప్పిస్తే వెచ్చగా తగలడం ఈ క్రమం మొదలైందనడానికి తొలి గుర్తు, తెల్లని లేదా నీలి ఆకుపచ్చ మచ్చలు కనిపించేది ఆ తర్వాతే. వేసవిలో మూడు నాలుగు రోజులు, గడ్డకట్టే చలిలో మహా అయితే వారం గడువుగా పెట్టుకోవాలి. విప్పిన పొరను మళ్లీ కప్పితే వానకు తడవకుండా ఆపవచ్చేమో గాని, లోపలికి వెళ్లిన గాలిని వెనక్కి తీయలేము.

ఇక్కడే పెద్ద బేలు లెక్క తప్పుతుంది. 500 కిలోల గుర్రం రోజుకు తన బరువులో సుమారు 2 శాతం, అంటే 10 కిలోల పొడి పదార్థం తింటుందనుకుంటే, 65 శాతం పొడి పదార్థమున్న హేలేజ్ 15 కిలోలకు పైగా కావాలి. 250 కిలోల బేలు ఆ ఒక్క గుర్రానికి పదహారు రోజులు వస్తుంది, కానీ అన్నాళ్లు నిలవదు. నాలుగు గుర్రాలుంటే నాలుగు రోజుల్లో అయిపోతుంది. కిలోకు పడే ధర చూసి పెద్ద బేలు కొనే ఒంటరి గుర్రం యజమాని, చివరికి సగానికి పైగా పెంటకుప్పకు పంపవలసి వస్తుంది, లేదా అంతకంటే ఘోరంగా, పారేయడానికి మనసొప్పక గుర్రం ముందే వేస్తాడు.

గుర్రానికి ఆ పొదుపు ప్రాణాంతకం కావచ్చు. పశువులతో పోలిస్తే బోటులిజం అనే జబ్బును కలిగించే విషానికి గుర్రం మరింత తేలిగ్గా లొంగుతుంది. పైగా తిన్నదాన్ని వాంతి చేసుకోలేదు. మట్టిలో ఉండే క్లాస్ట్రీడియం బోటులినం అనే బాక్టీరియా గాలి లేని తేమలో తయారుచేసే ఈ విషం, నరాల నుంచి కండరాలకు సంకేతాలు అందకుండా చేస్తుంది. నాలుక పట్టు తప్పి, మింగలేక, కాళ్లు వణికి పడిపోయి, శ్వాస కండరాలు కూడా స్తంభించి గుర్రం చనిపోవచ్చు. కోతయంత్రం నేలను గీకితే వచ్చే మట్టి, గడ్డితోపాటు చుట్టుకుపోయిన ఎలుక కళేబరం ఈ విషానికి మూలాలు. గనుక బేలులో చచ్చిన జంతువు కనిపిస్తే ఆ భాగాన్ని కాదు, మొత్తం బేలునే వదిలేయాలి. బూజు రేణువులేమో ఊపిరితిత్తుల్లో చేరి, గుర్రాల ఆస్తమా అనే దీర్ఘకాలపు దగ్గును తెచ్చిపెడతాయి.

నిల్వ చేసే చోట నేల చదునుగా, నీరు నిలవకుండా, మోళ్లు గుచ్చుకోకుండా ఉండాలి. గుండ్రని బేళ్లకు పొరలు దట్టంగా పడేది రెండు చివరలకే కనుక వాటిని పడుకోబెట్టక నిలబెట్టడం మేలు. కాకులు ముక్కుతో పొడవకుండా పైన వల కప్పి, చిరుగు కనబడిన రోజే శుభ్రంగా తుడిచి బేళ్ల టేపు అతికించాలి. చిరుగు పాతదైతే ఆ బేలును పక్కన పెట్టాలి.

మూడుకు మించని గుర్రాలున్నవారికి, ధర ఎక్కువైనా, రెండు రోజుల లోపే ముగిసే 20–25 కిలోల చిన్న బేళ్లే సరైన కొనుగోలు.