యానాం రేవు దాటిన తెలుగు

పుదుచ్చేరికి చెందిన యానాం ఎక్కడుందో పటంలో చూపమంటే పిల్లలు కడలూరు చుట్టూ వెతుకుతారు. అదేమో అక్కడికి వందల కిలోమీటర్ల దూరాన, గోదావరి ఒడ్డున ఉంది. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు. మాట తెలుగు, 1954 దాకా జెండా మాత్రం ఫ్రెంచివారిది.

ఫ్రెంచివారు 1723లో అక్కడ వర్తకం మొదలుపెట్టారు. బేరం సాగక 1727లో మూసేసి, 1731లో మళ్లీ తెరిచారు. వాళ్లకు కావలసింది గోదావరి పల్లెల నేత బట్ట. గౌతమి నుంచి కోరంగి పాయ చీలే చోటే యానాం. బట్టల మూటలు పడవల్లో ఏటి వెంట దిగి, సముద్రంలో లంగరేసిన ఓడలకెక్కేవి. పక్కనే ఇంజరం, నీలపల్లిలో ఇంగ్లీషువారూ అదే బట్ట కోసం ఉన్నారు. వాళ్లకూ వీళ్లకూ యుద్ధం వచ్చినప్పుడల్లా యానాం వాళ్ల చేతికి పోయేది, సంధి కుదిరాక తిరిగొచ్చేది.

రేవును ఇచ్చిన ఏరే మేటలు వేసి దాన్ని పూడ్చింది. దిగువన కోరంగిలో పెద్ద ఓడలకు మరమ్మతులు జరిగేవి. 1839 నవంబరు ఉప్పెన ఆ ఊరిని ఊడ్చేసింది. తర్వాత వర్తకం కాకినాడకు మళ్లింది.

ఓడలు మోసింది బట్టలనే కాదు. 18వ శతాబ్దంలో ఇక్కడినుంచి బానిసలనూ తరలించారు. 1828లో యానాం నుంచి తెలుగు కూలీలు ఒప్పందం మీద ఫ్రెంచి దీవి రీయూనియన్‌కు, చెరకు తోటల పనికి వెళ్లారు. మన పెద్దలు సూలూరుకు నేల దారిన వచ్చారు. ఓడ దారిన పోయినవారి సంగతి వేరు. రీయూనియన్‌లో దక్షిణాది వాళ్లందరినీ కలిపి ‘మలబార్లు’ అన్నారు. బడి ఫ్రెంచిలోనే, గుడిలో తమిళమే నిలిచింది. తెలుగు ఇళ్లలోంచీ జారిపోయింది.

పొరుగు దీవి మారిషస్ కథ ఇంకోటి. కోరంగి రేవు నుంచి వచ్చారని అక్కడ తెలుగువారిని ‘కోరంగీలు’ అనేవారు. వాళ్లు 1947లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అక్కడి బడుల్లో ఇప్పటికీ తెలుగు పాఠం ఉంది, ఉగాదికి దేశమంతా సెలవు.