మెక్సికో తీరంలో ఫ్లాటు: పత్రం ఎవరి పేరిట, హక్కు ఎవరిది?

అమెరికాలోని హ్యూస్టన్, డాలస్ నగరాల నుంచి మెక్సికో తీర నగరం కాన్‌కున్‌కు విమానంలో రెండు, మూడు గంటల ప్రయాణం. సెలవులకు అక్కడికి వెళ్లేవారిలో ఆ రెండు నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఏటా హోటల్‌కు చెల్లించే సొమ్ముతో సముద్రం కనిపించే ఫ్లాటునే కొనుక్కోవచ్చుననే ఆలోచన సహజమే. విదేశీయులకు మెక్సికో తలుపులు మూయలేదు. అయితే తీరప్రాంతంలో వారు కొనే విధానం మన రిజిస్ట్రేషన్ పద్ధతికి భిన్నమైనది. ఆ తేడా తెలియకుండా బయానా చెల్లిస్తే జీవితకాలపు పొదుపు చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది.

నిషేధం వెనుక చరిత్ర

మెక్సికో రాజ్యాంగం 1917 ఫిబ్రవరి 5న వెలువడింది. దేశ సరిహద్దుల నుంచి 100 కిలోమీటర్లు, సముద్ర తీరం నుంచి 50 కిలోమీటర్ల పరిధిలోని భూమిపై విదేశీయులు ప్రత్యక్ష యాజమాన్యం పొందరాదని అందులోని 27వ అధికరణం శాసిస్తోంది. దీనినే నియంత్రిత ప్రాంతం అంటారు.

ఈ నిబంధనకు నేపథ్యం ఉంది. విదేశీ వలసదారులు స్థిరపడిన టెక్సాస్ 1836లో మెక్సికో నుంచి విడిపోయి, 1845లో అమెరికాలో కలిసింది. ఆ తరువాత జరిగిన యుద్ధం 1848 నాటి గ్వాడలూపే హిదాల్గో ఒప్పందంతో ముగిసింది. మొత్తం మీద ఆ దేశం తన భూభాగంలో దాదాపు సగాన్ని కోల్పోయింది. సరిహద్దు భూములు పరాయి చేతుల్లోకి వెళితే దేశమే చేజారుతుందన్న భయం ఆ అనుభవం నుంచి పుట్టినదే.

కాన్‌కున్, టులుమ్, లాస్ కాబోస్, ప్యూర్టో వలార్టా వంటి ప్రసిద్ధ విహార కేంద్రాలన్నీ ఈ పరిధిలోనివే. సముద్రపు ఒడ్డున లేకపోయినా మెరిడా నగరం సైతం ఇందులోకే వస్తుంది. రాజధాని మెక్సికో సిటీ, గ్వాడలహారా, శాన్ మిగెల్ దె అయెందె దీని వెలుపల ఉన్నాయి. అక్కడ విదేశీయులు తమ పేరిటే ఆస్తి కొనవచ్చు. అందుకు ఒక షరతు ఉంది. ఆ ఆస్తి విషయంలో తమను మెక్సికన్లతో సమానంగా పరిగణించడానికి అంగీకరించాలి. వివాదం వస్తే తమ దేశ ప్రభుత్వ రక్షణ కోరబోమని విదేశాంగ శాఖకు రాసివ్వాలి. మాట తప్పితే ఆస్తి మెక్సికో పరమవుతుంది.

బ్యాంకు ట్రస్టు మార్గం

తీరంలో నివాసం కొనదలచిన విదేశీయులకు చట్టం చూపిన దారి 'ఫిదెయికొమీసో' అనే బ్యాంకు ట్రస్టు. విదేశాంగ శాఖ అనుమతితో మెక్సికో బ్యాంకు ఒకటి ఆస్తిని తన పేరిట ఉంచుకుంటుంది. కొనుగోలుదారు లబ్ధిదారుగా నమోదవుతారు. నివసించడం, అద్దెకివ్వడం, మార్పులు చేయడం, అమ్మడం, వారసులకు ఇవ్వడం వంటి హక్కులన్నీ లబ్ధిదారువే. ఆ ఆస్తి బ్యాంకు సొంత ఆస్తుల లెక్కలో చేరదు.

1973 నాటి చట్టం ఈ ట్రస్టుకు 30 ఏళ్ల గడువు విధించగా, 1993లో వచ్చిన విదేశీ పెట్టుబడుల చట్టం దానిని 50 ఏళ్లకు పెంచింది. గడువును పొడిగించుకునే వీలుంది. కనుక ఇది లీజు కాదు. దీనికి బ్యాంకు ఏటా రుసుము వసూలు చేస్తుంది. నివాస గృహాలకు ఈ నిషేధం తొలగించేందుకు 2013లో దిగువ సభ ఆమోదించిన రాజ్యాంగ సవరణకు సెనేట్ ఆమోదం లభించలేదు. అందువల్ల నేటికీ ట్రస్టు తప్పనిసరి.

ట్రస్టు పత్రంలో ప్రత్యామ్నాయ లబ్ధిదారు పేరు రాయించడం ముఖ్యం. అలా రాయిస్తే యజమాని మరణానంతరం హక్కులు ఆ వ్యక్తికి సంక్రమిస్తాయి. లేకుంటే వారసులు మెక్సికోలో వారసత్వ ప్రక్రియను నడపవలసి వస్తుంది. స్థానికుల పేరిట కొని, వారితో లోపాయికారీ ఒప్పందం రాయించుకోవడం మాత్రం మార్గం కాదు. చట్టం దృష్టిలో ఆ ఆస్తి పత్రంలో పేరున్న వారిదే.

ద్వంద్వ పౌరుల సంగతి

మెక్సికో పౌరసత్వం ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. పుట్టుకతో మెక్సికన్లైన వారు మరో దేశ పౌరసత్వం తీసుకున్నా తమ జాతీయతను కోల్పోకుండా చేసిన సవరణ 1998 మార్చిలో అమలులోకి వచ్చింది. కనుక మెక్సికో, అమెరికా పౌరసత్వాలు రెండూ ఉన్నవారు ట్రస్టు లేకుండా తీరంలో ఆస్తి కొనవచ్చు. అయితే మెక్సికన్ హోదాలోనే పత్రాలు రాయించుకోవాలి.

భారతీయులకు ఈ వెసులుబాటు లేదు. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని గుర్తించదు. స్వచ్ఛందంగా మెక్సికో పౌరసత్వం తీసుకున్న నాడే భారత పౌరసత్వం రద్దవుతుంది. ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పొందిన తెలుగువారు మెక్సికో దృష్టిలో కేవలం విదేశీయులే. ఆస్తి కొన్నంత మాత్రాన మెక్సికోలో నివాస హక్కు దానంతట అదే రాదన్నదీ గుర్తుంచుకోవాలి.

ఎహీదో భూములతో జాగ్రత్త

కొనుగోలుదారులు ఎక్కువగా నష్టపోయేది ఎహీదో భూముల దగ్గరే. విప్లవానంతర భూసంస్కరణలలో రైతు సముదాయాలకు దక్కిన ఉమ్మడి భూములివి. 1992 సంస్కరణ తరువాత నిర్ణీత ప్రక్రియ పూర్తయితేనే ఇవి ప్రైవేటు ఆస్తిగా మారతాయి. అంతవరకు విదేశీయులకు చేసే విక్రయం చెల్లదు. తెలుగు రాష్ట్రాల వారికి అసైన్డ్ భూముల ఉదాహరణ చాలు. ప్రభుత్వం పేదలకిచ్చిన భూముల బదిలీని నిషేధించిన 1977 నాటి చట్టాన్ని పట్టించుకోక, తెల్ల కాగితాల మీద కొని చిక్కుల్లో పడినవారు మన ఊళ్లలోనూ ఉన్నారు.

బాహా కాలిఫోర్నియాలోని ఎన్సెనాడా సమీపాన ఉన్న పుంటా బండా ఉదంతం ఇందుకు హెచ్చరిక. ఎహీదో భూమిగా భావించిన చోట అమెరికన్లు ఇళ్లు కట్టుకున్నారు. ఆ భూమికి అసలు యజమానులు వేరని సుప్రీంకోర్టు తేల్చడంతో 2000వ సంవత్సరంలో వారు ఇళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది. ధర తక్కువగా ఉందంటే కారణం అడగాలి. ఇక తీరం వెంబడి 20 మీటర్ల మేర భూమి కేంద్ర ప్రభుత్వ ఆస్తి. 'ప్రైవేటు బీచ్' అన్న ప్రకటనను నమ్మి అదనపు ధర చెల్లించరాదు.

నోటరీయే కీలకం

మెక్సికోలో నోటరీ అంటే ముద్ర వేసి సంతకం పెట్టే వ్యక్తి కాదు. ప్రభుత్వం నియమించిన అనుభవజ్ఞుడైన న్యాయకోవిదుడు. యాజమాన్య పత్రాన్ని రూపొందించడం, పన్నులు వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేయడం, పత్రాన్ని ఆస్తి రిజిస్ట్రీకి పంపడం ఆయన బాధ్యతలు. ఆస్తిపై రుణభారం లేదని తెలిపే రిజిస్ట్రీ ధ్రువపత్రం మన ఈసీ వంటిది. నోటరీ ఇరుపక్షాలకూ సమానుడు కనుక కొనుగోలుదారు సొంతంగా న్యాయవాదిని పెట్టుకోవడం మేలు.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటయితే భూమి హక్కు, నిర్మాణ అనుమతులు, ఫ్లాట్లను విడివిడి ఆస్తులుగా నమోదు చేసే కాండోమినియం పత్రం పరిశీలించాలి. హైదరాబాద్ ప్రీలాంచ్ ఆఫర్ల చేదు అనుభవాలు తెలిసినవారికి దీని ప్రాధాన్యం వేరుగా చెప్పనవసరం లేదు. పత్రంలో తక్కువ ధర చూపమని అమ్మకందారు కోరితే అంగీకరించరాదు. ఆనాడు తగ్గించిన మొత్తం రేపు అమ్మేటప్పుడు కొన్నవారి ఖాతాలో లాభంగా తేలుతుంది. మెక్సికోలో నివసించని వారు అమ్మితే మొత్తం ధరపై 25 శాతం, లేదా షరతులకు లోబడి నికర లాభంపై 35 శాతం పన్ను పడుతుంది. పరిమితికి మించిన నగదు చెల్లింపులను 2013 నుంచి అమలులో ఉన్న అక్రమ ధన నిరోధక చట్టం నిషేధించింది.

స్వదేశంలో లెక్కలు

భారత్‌లో నివసించేవారు రిజర్వు బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపి విదేశాల్లో ఆస్తి కొనవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇటువంటి చెల్లింపుల్లో ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ వసూలు చేస్తున్నారు. దానిని ఆదాయపు పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు కోరవచ్చు.

విదేశంలో ఉండగా అక్కడి సంపాదనతో కొన్న ఆస్తిని స్వదేశానికి తిరిగి వచ్చాక కూడా ఉంచుకోవడానికి ఫెమా చట్టం అనుమతిస్తోంది. అయితే పన్ను చట్టం ప్రకారం సాధారణ నివాసి హోదా వచ్చాక దానిని ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. బ్యాంకు ట్రస్టు పేరిట ఉన్న ఫ్లాటు తనది కాదన్న వాదన ఇక్కడ నిలవదు.

కాబట్టి ముందు భూమి స్వభావం, తరువాత రిజిస్ట్రీ ధ్రువపత్రం, ఆపైన ట్రస్టు షరతులు పరిశీలించాలి. బయానా సంగతి చివర చూసుకోవాలి. పత్రాలు స్పానిష్‌లో ఉంటాయి కనుక, వాటి అనువాదం చేతికి అందేవరకు సంతకం చేయకపోవడం శ్రేయస్కరం.