రాష్ట్రేతరాంధ్ర బాలబాలికలకు చరిత్ర బోధనము

చరిత్ర యనగా రాజుల పేళ్ళును, యుద్ధముల తేదీలును మాత్రమే యను భావము లోకమున నింకను తొలగిపోలేదు. ఆ భావము పాఠశాలలో ప్రవేశించినచో చరిత్ర కంఠపాఠమగును. పరీక్ష ముగిసిన నాడే మఱపున పడును. ఈ లోపము అన్ని ప్రాంతములకును సమానమే. కాని తరతరములుగా ఆంధ్రదేశము వెలుపల నివసించు తెలుగువారి పిల్లలకు మఱియొక చిక్కు కూడ కలదు. మధురలో తమిళ వాచకము, బళ్ళారిలో కన్నడ వాచకము, షోలాపురమున మరాఠీ వాచకము, బరంపురమున ఒడియా వాచకము వారికి చరిత్రను చెప్పును. ఇంట అవ్వ చెప్పు కథ యొకటి, బడిలో పుస్తకము చెప్పు కథ వేఱొకటి. రెంటికిని గల సంబంధమును చూపువారు లేనిచో పిల్లవాడు ఒకదానిని కల్లయని త్రోసివేయును. తఱచుగా త్రోసివేయబడునది అవ్వ కథయే.

కావున ఏ వయస్సున ఏమి చెప్పవలెనో, ఎట్లు చెప్పవలెనో విచారింపవలసి యున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము రెండవ తరగతివఱకు పునాది దశగను, 3 నుండి 5 వఱకు సన్నాహక దశగను, 6 నుండి 8 వఱకు మాధ్యమిక దశగను విభజించినది. చరిత్ర బోధనమునకును ఈ మూడు మెట్లు అనుకూలములే.

మొదటి మెట్టు కాలజ్ఞానము. ఆఱేడేండ్ల శిశువునకు నాలుగు వందల యేండ్లన్న మాట వట్టి శబ్దము. నిన్న, నిరుడు, తాత చిన్నతనమున అను మాటలకే అర్థము కలదు. అందుచేత ఈ వయస్సున తేదీలు చెప్పుట వ్యర్థము. ఇంటిలోని రోలు, ఇత్తడి బిందె, మగ్గపు నాడె మొదలగు పాతవస్తువులను చూపి, ఇవి యెవరివి, ఎప్పుడు వచ్చినవి యని పెద్దలను అడుగునట్లు చేయవలెను. తాను, తల్లి, అవ్వ, అవ్వ తల్లి యని నాలుగు తరములను వరుసగా చెప్పగలిగిన శిశువు ఇంచుమించు నూఱేండ్ల కాలమును గ్రహించినట్లే.

రెండవ మెట్టు ఊరును, కథయు. ఎనిమిదవ యేటినుండి పదవయేటివఱకు పిల్లలు కథాప్రియులు. కంటికి కనబడు కట్టడమునుండి కథ మొదలుపెట్టుట మేలు. మధురలో తిరుమల నాయకుని (1623–1659) మహలు, తంజావూరున తెలుగు తాళపత్రములను గూడ కాపాడుచున్న సరస్వతీ మహలు, బళ్ళారివారికి చేరువనున్న హంపి ఇందుకు తగినవి. యానాములో ఫ్రెంచివారి పాలన 1954లో ముగియుటయు, 1962 ఆగస్టు 16న ఆ ప్రదేశము చట్టరీత్యా భారతదేశమున చేరుటయు చెప్పవలసిన కథయే. షోలాపురపు పిల్లలకు తెలంగాణమునుండి మగ్గము నమ్ముకొని వచ్చిన పద్మశాలీల వలసయే గొప్ప కథ.

కథలు పోగైన కొలది వానికి వరుస కావలెను. ఇందుకు దారమొకటి చాలును. పదియేండ్లకు ఒక అంగుళము చొప్పున 500 ఏండ్లకు 50 అంగుళముల దారము తీసి, కృష్ణదేవరాయలు గతించిన 1529, తంజావూరు నాయకరాజ్యము ముగిసిన 1673, త్యాగరాజు జన్మించిన 1767, బళ్ళారి మైసూరున చేరిన 1953 సంవత్సరముల వద్ద ముడులు వేయింపవలెను. త్యాగరాజు నాయకరాజుల కాలమువాడని భ్రమపడిన పిల్లవాడు ఆ రెండు ముడుల నడుమ తొమ్మిది అంగుళములకు మించిన యెడమును తానే కొలిచి తప్పు దిద్దుకొనును.

మూడవ మెట్టు కారణమును, ఆధారమును. పదునొకండేండ్లు దాటిన పిల్లలు "ఎందుచేత?" అనియు, "ఎట్లు తెలిసినది?" అనియు అడుగనేర్తురు. మన పూర్వులు ఇక్కడి కేల వచ్చిరను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. సైన్యముతో వచ్చినవారు కలరు. సేద్యమునకును, నేతకును, మిల్లుపనికిని వచ్చినవారును కలరు. మఱికొందఱు కదలనే లేదు, కదలినవి సరిహద్దులే. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా ఏర్పడినప్పుడు బరంపురము, పర్లాకిమిడి అందు చేరినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించిననాడు బళ్ళారి మైసూరునకు పోయినది. వలస వచ్చుట వేఱు, ఉన్నచోటనే యుండగా ఎల్ల మాఱుట వేఱు. ఈ భేదము తెలియని పిల్లవాడు తాను పుట్టిన ఊరిలోనే తనను పరాయివానిగా తలచును.

ఆధారముల విషయమున గిడుగు రామమూర్తి (1863–1940) మార్గము అనుసరింపదగినది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండి, ముఖలింగమునందలి శాసనములను పరిశీలించి, గంగరాజుల కళింగనగరము ఆ ప్రదేశమే యని ఆయన ప్రతిపాదించెను. పిల్లలును తమ శక్తికొలది ఊరి గుడిలోని రాతిని, ఇంటిలోని పాత దస్తావేజును, పెండ్లిపత్రికను చూచి వ్రాసికొనవచ్చును. పెద్దలు చెప్పినది వ్రాసినప్పుడు చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ తప్పక చేర్చవలెను. అది వాచకముతో విభేదించినచో వెంటనే ఒకదానిని తప్పనరాదు. ఎవరు చూచిరి, ఎవరు వినిరి, ఎన్నాళ్ళకు వ్రాసిరి యని విచారింపవలెను.

ఇందు రెండు అపాయములు కలవు. మన పూర్వులు ఈ నేల నేలిరను అతిశయ మొకటి. మనము వచ్చి చేరినవారమను న్యూనత యొకటి. రెంటికిని మందు నిజమైన చరిత్రయే. నాయకరాజుల పిదప తంజావూరు నేలిన మరాఠా ప్రభువు శాహాజీ (1684–1712) తమిళదేశమున నుండి తెలుగున యక్షగానములు రచించెను. దీనిని ఏ యొక్క భాషవారి సొత్తనగలము? మహారాష్ట్ర పాఠశాలలలో శివాజీ కథ చాలకాలముగా నాల్గవ తరగతి పాఠ్యము. ఆ శివాజీయే 1677లో గోలకొండ సుల్తానుతో సంధికై భాగ్యనగరమునకు రాగా, అచ్చటి మంత్రి మాదన్న యని తెలిసికొన్న షోలాపురపు బాలునకు వాచకము పరాయిది కాదు.

పాఠశాల ఈ పనియంతయు చేయజాలదు. ప్రతి తెలుగు సంఘమును తన ఊరి తెలుగువారి చరిత్రను చిన్నపొత్తముగా కూర్చి, తెలుగు లిపి రాని పిల్లలకై స్థానిక లిపిలో గూడ అచ్చువేయించుట యుక్తము. వాచకములు మఱల అచ్చగును. గతించిన వృద్ధురాలి జ్ఞాపకము మఱల దొరకదు. కావున పొత్తము కంటె ముందు జరుగవలసినది, పిల్లలను పలకయో పుస్తకమో చేతికిచ్చి అవ్వల వద్దకు పంపుటయే.