గ్లాసు జావతో మధ్యాహ్నం దాకా నిలవాలంటే

పొద్దున్నే వండుకునే తీరిక లేక గ్లాసు రాగి జావ తాగి డ్యూటీకి బయల్దేరేవాళ్లు ఇప్పుడు చాలామంది. వాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: తాగినప్పుడు కడుపు నిండినట్టే ఉంటుంది, పదకొండు కొట్టేసరికి నీరసం కమ్ముకొస్తుంది. తప్పు రాగులది కాదు. ఆ గ్లాసులో రాగులు ఏపాటి ఉన్నాయన్నదే అసలు సంగతి.

ఇళ్లలో మామూలుగా గ్లాసు జావకి ఒకటి, మహా అయితే రెండు పెద్ద చెంచాల పిండి వేస్తాం. రెండు చెంచాలంటే 20 గ్రాములు. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 320 క్యాలరీలు, 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆ లెక్కన గ్లాసులో దక్కేది 60 క్యాలరీల పైచిలుకు, గ్రామున్నర మాంసకృత్తులు. మిగతాదంతా నీళ్లే. ఇది ఒక్క ఇడ్లీతో సమానం; అంతే తిని మధ్యాహ్నం దాకా పనిచేయమంటే ఎవరికైనా కష్టమే కదా!

క్యాల్షియంలో మాత్రం రాగులకి వచ్చిన పేరు ఊరికే రాలేదు. వంద గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. బియ్యంలో అది పదికి కాస్త అటూ ఇటూ. అయితే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలంటోంది. రెండు చెంచాల పిండితో అందేది 70. ఎముకలకి ఈ గ్లాసు ఒక్కటే చాలనుకుని పాలు, పెరుగు మానేయడం మంచిది కాదు.

మరి పిండి పెంచితే సరిపోదా అంటే, అక్కడే చిక్కు. నాలుగు చెంచాలు వేస్తే జావ కాస్తా సంగటిలా ముద్దకడుతుంది. ఉడికేటప్పుడు రాగుల్లోని పిండిపదార్థం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, గ్లాసులోంచి గొంతులోకి దిగదు. దీనికి మన పెద్దవాళ్లు పట్టిన ఉపాయం మొలకలు. గింజ మొలకెత్తేటప్పుడు తన లోపలి పిండిని కరిగించుకోవడానికి ఒక ఎంజైమును తయారుచేసుకుంటుంది. ఆ గింజలు ఎండబెట్టి మరపట్టించిన పిండిలోనూ ఆ ఎంజైము పనిచేస్తుంది. అందుకే మొలకల పిండి రెట్టింపు వేసినా జావ తాగేటంత పల్చగానే ఉంటుంది. పసిపిల్లలకి రాగుల మొలకల పిండి కాచి పట్టడంలో ఉన్న తెలివి ఇదే: చిన్న పొట్టలో ఎక్కువ ఆహారం పడుతుంది.

ఒక ఆదివారం కాస్త ఓపిక చేసుకుంటే ఒకరికి దాదాపు నెలకి సరిపడా పిండి సిద్ధమవుతుంది. కిలో రాగులు ఇసుక, రాళ్లు పోయేదాకా గాలించి, రాత్రంతా నానబెట్టాలి. పొద్దున నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూట కట్టి, ఆరినప్పుడల్లా నీళ్లు చిలకరిస్తూ ఉంటే ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొలకలు కనిపిస్తాయి. గలగలలాడేలా ఎండబెట్టి, సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేవరకే వేయించి మరపట్టించండి. మాడేలా వేయిస్తే రుచి ఎలా ఉన్నా ఎంజైము చచ్చిపోతుంది. పిండిని సన్న జల్లెడ పట్టి పొట్టు పారేయొద్దు. క్యాల్షియం, పీచు ఎక్కువగా ఉండేది ఆ పొట్టులోనే.

కాచేటప్పుడు పిండిని చల్లటి నీళ్లలోనే కలపాలి. మరిగే నీళ్లలో పొడిపిండి పోస్తే ప్రతి ముద్దకీ పైపొర క్షణంలో ఉడికి బిగుసుకుంటుంది, లోపల పిండి పొడిగానే మిగిలిపోతుంది. ఉండలు కట్టడమంటే ఇదే. నాలుగు చెంచాల మొలకల పిండిని రెండు గ్లాసుల చల్లటి నీళ్లలో కలిపి, సన్నటి సెగ మీద గరిటె ఆడిస్తూ ఉండండి. ముందు చిక్కబడుతుంది, గరిటెకి బరువు తెలుస్తుంది. ఇంకాసేపటికి, నీళ్లేమీ పోయకుండానే, దానంతట అదే జారుగా అవుతుంది. అది ఎంజైము పని. ఆ తర్వాత మంట పెంచి ఐదారు నిమిషాలు బాగా ఉడకనిస్తే చాలు.

మొలకలు కట్టే తీరిక లేనివాళ్లకి పులియబెట్టే దారి ఉంది. నా మటుకు నాకు రుచిలో ఇదే ఒక మెట్టు పైన. ఉత్తరాంధ్రలో రాగుల్ని చోళ్లంటారు. చోడంబలి అక్కడ పొలం పనికి వెళ్లేవాళ్ల పొద్దుటి ఆహారం. రాత్రి పిండిని నీళ్లలో కలిపి మూత పెట్టి ఉంచుతారు. పొద్దున గుప్పెడు నూకలు మెత్తగా ఉడికించి, పులిసిన పిండి అందులో పోసి కలియబెడుతూ ఉడికాక దించుతారు. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పక్కన పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. నూకలు వేయడం వల్ల పంటికి తగిలేది ఉంటుంది, ఆకలీ తొందరగా వేయదు. పిండి పులవడం మందకొడిగా ఉంటే చెంచాడు మజ్జిగ వేస్తే సరి. గిన్నె స్టీలుదో మట్టిదో అయి ఉండాలి. పులుపు ఇత్తడి, అల్యూమినియం గిన్నెలకి పడదు. కమ్మటి పుల్లటి వాసన రావాలి. కుళ్లు వాసన వచ్చినా, పైన రంగుల బూజు కనిపించినా మొహమాటం లేకుండా పారబోయండి.

పులియబెట్టినా, మొలకెత్తించినా ఇంకో మేలుంది. రాగుల్లో ఫైటేట్లనే పదార్థాలు ఉంటాయి. ఇనుము, క్యాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడేవి అవే. ఈ రెండు పద్ధతుల్లోనూ అవి తగ్గుతాయి. జావ తాగిన వెంటనే టీ తాగే అలవాటుంటే మాత్రం గంట ఆగండి. టీలోని టానిన్లు ఇనుముని మళ్లీ అడ్డుకుంటాయి. మజ్జిగలో నిమ్మరసం పిండుకుంటే ఇనుము బాగా పడుతుంది.

ఇక అసలు లోటు మాంసకృత్తులది. దాన్ని రాగులతోనే పూడ్చాలని చూడకుండా తోడు పెట్టుకోవడం తెలివైన పని. నాలుగు చెంచాల పిండితో కాచిన జావలో వంద గ్రాముల పెరుగు చిలికి పోసి, పక్కన గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు పెట్టుకుంటే అంతా కలిపి 350 క్యాలరీలు, 12, 13 గ్రాముల మాంసకృత్తులు అవుతాయి. ఇప్పుడిది టిఫిన్ కింద లెక్క.

ఆఫీసుకి పట్టుకెళ్లేవాళ్లు జావని చిక్కగా కాచి, చల్లార్చి సీసాలో పోసుకుని, మజ్జిగ విడిగా తీసుకెళ్లడం మంచిది. ముందే కలిపేస్తే ఎండలకి మధ్యాహ్నంలోపే పులుపెక్కి, మూత తీయగానే పొంగుతుంది. మజ్జిగ కలపని జావ ఫ్రిజ్‌లో రెండు రోజులు బాగానే ఉంటుంది.

సజ్జలతో కాచినా పద్ధతి ఇదే. కాకపోతే సజ్జల్లో కొవ్వు ఎక్కువ, పిండి పది రోజులకే చేదెక్కుతుంది; కొద్దికొద్దిగా పట్టించుకోండి. రాగి పిండి నెలల తరబడి చెడదు.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట. చిరుధాన్యం కాబట్టి ఎంత తాగినా ఫర్వాలేదని చాలామంది నమ్మకం. రాగుల్లో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. మెత్తగా మరపట్టి ఉడికించిన జావ త్వరగా అరిగి రక్తంలో చక్కెరని త్వరగానే పెంచుతుంది. మొలకల పిండి అయితే ఇంకా త్వరగా. బెల్లం మానేసి, మజ్జిగ, వేరుశనగలతో కలిపి తీసుకోండి. తాగిన రెండు గంటలకి గ్లూకోమీటరుతో చూసుకుని, ఆ అంకె మీ డాక్టరుకి చూపించి ఎన్ని చెంచాల పిండి వేసుకోవాలో ఖాయం చేసుకోండి.