నడుం నొప్పికి ఆపరేషన్ అన్నారా? సంతకం పెట్టే ముందు ఇది చదవండి

డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ లబ్ధిదారుల కోసం
అన్నవరం, శంఖవరం మండలం, కాకినాడ జిల్లా

ప్రసాదం వంటలో గంగాళాలు ఎత్తేవాళ్లు, ఘాట్ రోడ్డు మీద రోజంతా ఆటో నడిపేవాళ్లు, స్టేషన్ దగ్గర సామాన్లు మోసేవాళ్లు, పెళ్లిళ్ల సీజన్‌లో రాత్రీ పగలూ నిలబడి వడ్డించేవాళ్లు... అన్నవరంలో నడుం బలం మీదే బతికేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో పాతికేళ్లు, ముప్పై ఏళ్లవాళ్లూ ఉన్నారు.

మీకు నెలల తరబడి నడుం నొప్పి తగ్గలేదనుకోండి. స్కానింగ్ తీయిస్తే "డిస్క్ బల్జ్" అని వచ్చింది. ఇంట్లో ఒకరు "కార్డు ఉందిగా, చేయించేసుకో" అంటారు. పక్కింటాయన "వెన్నులో కత్తి పెడితే మంచం పట్టేస్తావు" అంటారు. ఈ రెండు మాటల్లో ఏదీ పూర్తి నిజం కాదండి. కార్డు ఆపరేషన్ ఖర్చు భరిస్తుంది. ఆ ఆపరేషన్ మీకు అవసరమా కాదా అన్నది మాత్రం కార్డు చెప్పదు. అది తేల్చుకోవడానికే ఈ వివరణ.

1. ఇవి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి

- మూత్రం రాకపోవడం, లేదా తెలియకుండా పోవడం. విరోచనం మీద పట్టు తప్పడం
- తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం
- పాదం పైకి లేవకపోవడం, కాలు రోజురోజుకూ బలహీనపడటం
- నొప్పితో పాటు జ్వరం రావడం
- కింద పడ్డాక లేదా యాక్సిడెంట్ అయ్యాక మొదలైన తీవ్రమైన నొప్పి

మొదటి రెండూ కనిపిస్తే నరాల కట్ట మొత్తం నొక్కుకుపోతోందని అనుమానించాలి. గంటలు గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. ఇలాంటప్పుడు ఆపరేషన్‌కి భయపడి ఆగితేనే ప్రమాదం.

2. స్కానింగ్ రిపోర్టు చూసి హడలిపోకండి

వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులా ఉండేదే డిస్కు. వయసుతో పాటు అది కొంత అరగడం, పక్కకు ఉబ్బడం మామూలే. ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూసిన ఒక పరిశీలన 2015లో వచ్చింది. అందులో ఇరవై ఏళ్ల వయసువాళ్లలో 100కి 30 మందికి, ముప్పై ఏళ్లవాళ్లలో 100కి 40 మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. వాళ్లెవరికీ నడుం నొప్పి లేదు!

కాబట్టి రిపోర్టులో ఒక మాట కనిపించిందని ఆపరేషన్ ఖాయం కాదు. రిపోర్టులో చూపించిన చోటు, మీ నొప్పి ఉన్న చోటు, డాక్టర్ పరీక్షలో తేలింది, ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి.

3. నొప్పి నడుంలోనా, కాలిలోనా?

మొత్తం విషయంలో ఎక్కువ తేడా తెచ్చే ప్రశ్న ఇదే. ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరికీ ఇరవై ఏడేళ్లు, ఇద్దరి రిపోర్టులోనూ "డిస్క్ బల్జ్" అనే ఉంది.

మొదటి అబ్బాయి ఆటో నడుపుతాడు. నొప్పంతా నడుంలోనే. కూర్చుంటే ఎక్కువ, కాస్త నడిస్తే తక్కువ. కాళ్లలో తిమ్మిరి లేదు, బలం తగ్గలేదు. ఇతనికి ఆపరేషన్ వల్ల లాభం ఎంతో గట్టిగా చెప్పలేం.

రెండో అబ్బాయి సామాన్లు మోస్తాడు. నొప్పి పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా కరెంటు షాకులా లాగుతోంది. బొటనవేలు పైకి లేవట్లేదు. మెట్లెక్కుతుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదు. ఇది నరం నొక్కుకుపోయిన లక్షణం. ఇతను వెంటనే సర్జన్‌ని కలవాలి.

డిస్కు ఆపరేషన్ బాగా పనిచేసేది కాలిలోకి దిగే నొప్పికి. ఒక్క నడుం నొప్పికే అయితే అంత నమ్మకంగా చెప్పలేం.

4. కత్తి అవసరం లేని జబ్బులు కూడా ఉంటాయి

చిన్న వయసులో రెండు జబ్బులు డిస్కు నొప్పిలా కనిపించి పొరబడేలా చేస్తాయి. డాక్టర్‌తో ఈ రెండింటి గురించీ తప్పకుండా మాట్లాడండి.

ఒకటి, వెన్ను బిగుసుకుపోయే కీళ్లవాతం. తెల్లవారి లేచేసరికి నడుం కొయ్యబారిపోతుంది, తిరిగితే సడలుతుంది, పడుకుంటే మళ్లీ ఎక్కువవుతుంది. దీనికి కీళ్లవాతం డాక్టర్ మందులు ఇస్తారు.

రెండోది, వెన్నుపూస టీబీ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం, రాత్రిపూట నొప్పి ఉంటే అనుమానించాలి. దగ్గు లేకపోయినా ఇది రావచ్చు. ఎక్కువమందికి మందులతోనే నయమవుతుంది. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. చికిత్స జరిగినన్నాళ్లు పోషకాహారం కోసం నెలకు 1,000 రూపాయలు మీ బ్యాంకు ఖాతాలో వేస్తారు. మందులు మాత్రం మధ్యలో మానకూడదు.

5. ఆపరేషన్‌కి ముందు చేయాల్సింది చేశారా?

పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేకపోతే, కాలిలోకి దిగే నొప్పికి కూడా ముందు 6 నుంచి 12 వారాలు మందులు, వ్యాయామంతో చూస్తారు. జారిన డిస్కు ముక్క చాలామందిలో దానంతట అదే కుంచించుకుపోతుంది.

ఈ వారాల్లో మంచం మీదే ఉండిపోకండి. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే నడుం కండరాలు ఇంకా నీరసపడతాయి. ఓర్చుకోగలిగినంత నడవండి. ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకుని ఇంట్లో రోజూ చేయండి. బరువు ఎత్తాల్సి వస్తే నడుం వంచకుండా మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోండి. గంగాళం ఇద్దరు కలిసి పట్టడంలో నామోషీ ఏమీ లేదు. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని నెలల తరబడి మింగితే కిడ్నీలు, కడుపు పాడవుతాయి.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుం తన్నించుకోవడం మన దగ్గర ఇంకా ఉంది. డిస్కు జారి ఉన్నప్పుడు అలా చేయిస్తే నరం దెబ్బతినొచ్చు. దయచేసి వద్దు.

వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ కాలి నొప్పిని కొన్ని వారాలో, నెలలో తగ్గించగలదు. జారిన డిస్కును అది సరిచేయదు. ఆ వ్యవధిలో వ్యాయామం చేసుకోవడానికి పనికొస్తుంది.

6. ఏ ఆపరేషన్ దేనికి?

డిస్కు ముక్క తీసే ఆపరేషన్ (డిస్కెక్టమీ): నరాన్ని నొక్కుతున్న ముక్కను మాత్రమే తీస్తారు. చిన్న కోతతో మైక్రోస్కోపు లేదా ఎండోస్కోపు సాయంతో చేస్తారు. సాధారణంగా అదే రోజో మర్నాడో నడిపిస్తారు. బరువు పనులకు మాత్రం సుమారు మూడు నెలలు ఆగాలి. 100 మందిలో సుమారు 5 నుంచి 10 మందికి అదే చోట డిస్కు మళ్లీ జారవచ్చు.

ఎముక కొంత తీసి నరాలకు చోటు చేసే ఆపరేషన్ (లామినెక్టమీ): నరాల దారి ఇరుకైనప్పుడు చేస్తారు. పెద్ద వయసువాళ్లకే ఎక్కువ.

స్క్రూలు, రాడ్లు వేసి పూసలను అతికించే ఆపరేషన్ (ఫ్యూజన్): పూస జారినప్పుడు, విరిగినప్పుడు, ఇన్‌ఫెక్షన్‌తో వెన్ను నిలకడ తప్పినప్పుడు అవసరం. అతికిన చోట ఇక కదలిక ఉండదు. ఆ భారం పై పూస, కింది పూస మీద పడుతుంది. పాతికేళ్ల మనిషి ఇంకో నలభై ఏళ్లు ఆ వెన్నుతోనే పని చేసుకోవాలి, అందుకే తొందరపడకూడదు. పొగ తాగితే ఎముక సరిగా అతకదు. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 349 మందిపై బ్రిటన్‌లో జరిగిన పరిశీలన 2005లో వచ్చింది. ఫ్యూజన్ చేయించుకున్నవాళ్లకూ, గట్టి వ్యాయామ శిక్షణ తీసుకున్నవాళ్లకూ రెండేళ్ల తర్వాత కనిపించింది స్వల్ప తేడాయే.

ఏ ఆపరేషన్‌లోనైనా ఇన్‌ఫెక్షన్, నరానికి దెబ్బ, మత్తు వల్ల ఇబ్బంది వంటి ప్రమాదాలు కొంత ఉంటాయి. తక్కువే, కానీ సున్నా కాదు.

7. ఆగితే నష్టపోతామా?

కాలిలోకి తీవ్రంగా నొప్పి దిగుతున్న 283 మందిని నెదర్లాండ్స్‌లో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి త్వరగా ఆపరేషన్, రెండో గుంపుకి మందులతో ఆగి చూడటం. 2007లో వచ్చిన ఫలితం ఇది: త్వరగా చేయించుకున్నవాళ్లకు నొప్పి త్వరగా తగ్గింది. ఆగినవాళ్లలో 100కి 39 మందికి ఏడాదిలోపు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, మిగతావాళ్లకు అవసరం పడలేదు. ఏడాది చివరికి రెండు గుంపుల్లోనూ 100కి 95 మంది కోలుకున్నామనే చెప్పారు.

అంటే ప్రమాద లక్షణాలు లేనప్పుడు ఆపరేషన్ వల్ల మీకు మిగిలేది ప్రధానంగా సమయం. ఆ నొప్పితో ఇంకో మూడు నెలలు పని చేయగలరా, ఇల్లు గడుస్తుందా అన్నది మీకే తెలుసు. అది కూడా నిర్ణయంలో భాగమే. డాక్టర్‌కి మొహమాటపడకుండా చెప్పండి.

8. పథకం కింద ఏం చేయాలి?

- రైస్ కార్డు లేదా వైద్యసేవ కార్డు, ఆధార్, పాత రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి.
- ముందు మీ ఊరి విలేజ్ క్లినిక్‌లోనో పీహెచ్‌సీలోనో చూపించుకోండి. కాకినాడ జీజీహెచ్ ఎముకల విభాగానికి నేరుగా కూడా వెళ్లవచ్చు.
- నెట్‌వర్క్ ఆసుపత్రిలో వైద్యమిత్ర డెస్కు దగ్గర పేరు నమోదు చేయించండి. మీకు చెప్పిన ఆపరేషన్ పథకం జాబితాలో ఉందా, ఆ ఆసుపత్రికి అనుమతి ఉందా అని అక్కడే అడగండి.
- ఆసుపత్రి మీ వివరాలు పంపాక ట్రస్టు నుంచి ముందస్తు అనుమతి రావాలి. అత్యవసరమైతే ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది.
- అనుమతి వచ్చిన చికిత్సకు డబ్బు కట్టక్కర్లేదు. స్క్రూలకనో మందులకనో ఎవరైనా అడిగితే 104కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.
- ట్రస్టు అనుమతి అంటే డబ్బు విషయం తేలిందని మాత్రమే. అనుమతి వచ్చాక కూడా "నాకు ఇప్పుడు వద్దండి" అనే హక్కు మీకుంది.

9. డాక్టర్‌ని అడగాల్సిన ఆరు ప్రశ్నలు

1. నా నొప్పికి కారణం ఈ డిస్కేనని ఎలా తెలిసింది?
2. చేస్తున్నది ముక్క తీయడమా, స్క్రూలు వేయడమా? ఎందుకు?
3. కాలి నొప్పి ఎంత తగ్గుతుంది, నడుం నొప్పి ఎంత తగ్గుతుంది?
4. మూడు నెలలు ఆగితే నరానికి నష్టమా?
5. మళ్లీ నా పనికి ఎన్నాళ్లకు వెళ్లగలను?
6. నాకు వచ్చే అవకాశమున్న ప్రమాదాలు ఏంటి?

ఈ పేజీ ఫోన్‌లో పెట్టుకుని డాక్టర్ ముందు చూస్తూ అడగండి, తప్పేం లేదు. ఇంట్లోంచి ఒకర్ని వెంట తీసుకెళ్లండి. స్క్రూలు వేయాలన్నారంటే ఇంకో సర్జన్‌కి కూడా చూపించుకోండి. సంతకం పెట్టే కాగితంలో ఏముందో తెలుగులో చదివించుకున్నాకే పెట్టండి.

సందేహాలకు: 104. అత్యవసరానికి: 108.