ఫోన్ బాక్స్‌పై ‘ఆర్ఓహెచ్ఎస్’ అని ఎందుకుంటుంది? చేప గుడ్లకీ దానికీ లింకేంటి?

కొత్త ఫోన్ బాక్స్ తెరవగానే లోపల ఛార్జర్ ఉందా లేదా అని చూస్తాం. మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో ఉండే ‘ఆర్ఓహెచ్ఎస్’ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. 2006 జులై 1 నుంచి యూరప్‌లో అమలవుతున్న రూల్ ఇది. గ్యాడ్జెట్‌లో వాడే ఏ మెటీరియల్‌లోనైనా సీసం, పాదరసం 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం దాటకూడదు. మన ఈ-వేస్ట్ రూల్స్‌లోనూ ఇవే లిమిట్స్.

కాడ్మియానికి పది రెట్లు టైట్ లిమిట్, చూశారా? అదెంత మొండిదో చేప ఒంట్లో చూస్తే అర్థమవుతుంది. ఆడచేప గుడ్డులోని సొనకు కావాల్సిన సరుకు అండాశయంలో తయారవదు. ఈస్ట్రోజెన్ హార్మోన్ సిగ్నల్ ఇస్తే కాలేయం ‘విటెల్లోజెనిన్’ అనే ప్రోటీన్‌ని తయారుచేసి, రక్తం ద్వారా అక్కడికి పంపుతుంది. కాడ్మియం సరిగ్గా ఆ సిగ్నల్ దగ్గరే అడ్డుపడుతుందని రెయిన్‌బో ట్రౌట్ చేపలపై చేసిన ప్రయోగాల్లో తేలింది. సొన తగ్గితే గుడ్డు ఎదగదు. చేప మాత్రం మామూలుగానే ఈదుతూ ఉంటుంది! అసలు చిక్కు అదే. చచ్చిన చేపలు చెరువులో తేలితే టీవీలో వస్తుంది, గుడ్లు పెట్టని చేప గురించి ఎవరు చెప్తారు?

మగచేపలదీ అదే కథ. చాలా మంచినీటి చేపల్లో వీర్యకణాలు నీళ్లలో పడ్డాకే కదలడం మొదలెడతాయి, అదీ నిమిషం అటూ ఇటూగా. ఆ కాస్త టైమ్‌లో నీళ్లలో పాదరసం, కాడ్మియం ఎక్కువుంటే స్పీడ్ పడిపోతుంది. ఇక తిండి ద్వారా మిథైల్ మెర్క్యురీ అందిన ఫ్యాట్‌హెడ్ మిన్నో చేపల్లో గుడ్లు పెట్టేవే తగ్గిపోయాయని 2002లో అమెరికా పరిశోధకులు చూపించారు.

నిజం చెప్పాలంటే ఇప్పటి ఫోన్ ఇందులో పెద్ద విలన్ కాదు. నదుల్లోకి ఈ లోహాలు గనుల నుంచి, ప్లేటింగ్ యూనిట్ల నుంచి కూడా వస్తాయి. మన వాటా పాత సామాన్లలో ఉంది: కార్డ్‌లెస్ ఫోన్ల నికెల్-కాడ్మియం బ్యాటరీలు, పాత ఎల్‌సీడీ మానిటర్ల పాదరసం ట్యూబులు, సీసం కలిసిన పిక్చర్ ట్యూబులు. చైనాలోని గుయ్‌యులో ఏళ్ల తరబడి సర్క్యూట్ బోర్డులను కాల్చి, యాసిడ్‌లో నానబెట్టి బంగారం తీశారు. మిగిలిన నీళ్లు లియాన్‌జియాంగ్ నదిలోకే పోయాయి.

అందుకే పాత మానిటర్‌ని ఇనుప సామాన్లు కొనేవాళ్లకి తూకానికి వేయకండి. బ్రాండ్ వెబ్‌సైట్‌లో ఈ-వేస్ట్ పేజీ వెతికితే కలెక్షన్ సెంటర్ల వివరాలు దొరుకుతాయి. ఫోనైతే ఇచ్చేముందు బ్యాకప్, రీసెట్ చేసి, సిమ్, మెమరీ కార్డ్ తీసేయండి. ఉబ్బిన బ్యాటరీ ఉంటే ముందే చెప్పండి, దాన్ని విడిగా తీసుకుంటారు.